అమ్మోనియా పెట్టెలో సొర ముక్కలు

ఆరు రోజులు మోకాళ్ల లోతు బురదలో దిగి చేసిన పనిని నాలుగు చేప ముక్కలు ఒక్క పూటలో తినేశాయి. అవునండీ, చేప ముక్కలే! టీ చల్లారేలోపు చెప్పేస్తాను. మీరు నవ్వుకోండి, నాకైతే నవ్వే ఓపిక కూడా లేదు.

నా ఉద్యోగం తెలుసుగా? కొరాపుట్‌లో ఒక వ్యవసాయ ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంటుని. కాంట్రాక్టు పని, ఏడాదికోసారి రెన్యువల్ కోసం సార్ మొహం చూడాలి. పొలంలో వేసిన యూరియాలో ఎంత పైరుకి అందింది, ఎంత అమ్మోనియా అయి గాలిలో కలిసిపోయింది, అది కొలవడం మా పని. పెద్ద పెద్ద మెషీన్లు అనుకునేరు! అడుగు కోసేసిన కూల్‌డ్రింకు బాటిల్‌ని మడిలో నిలబెడతాం. లోపల యాసిడ్‌లో తడిపిన స్పాంజి ముక్క వేలాడదీస్తాం. మట్టిలోంచి లేచిన అమ్మోనియా ఆ స్పాంజికి పట్టుకుంటుంది. మర్నాడు దాన్ని తీసి కవర్లో పెట్టి, కొత్తది కట్టాలి. చెప్పడానికి అంతే. వానలో జలగల్ని పీక్కుంటూ చెయ్యాలి, అదీ అసలు సంగతి.

ఇవి కాక ‘బ్లాంక్’ అని ఒక స్పాంజి ఉంటుంది. అది మాతోపాటు రైలెక్కుతుంది, పొలం గట్టు దాకా వస్తుంది, కానీ బాటిల్లోకి దిగదు. పని చెయ్యకుండా టూర్లు తిరిగే ఆఫీసర్‌లా పెట్టెలోనే కూర్చుని తిరిగొస్తుంది. దాంట్లో అమ్మోనియా ఏమీ ఉండకూడదు. ఉందంటే మన పనిలోనే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

ఈసారి టికిరి దగ్గర బుద్రా అనే రైతు పొలం. మూడు మళ్లు తీసుకున్నాం. ఒకదాంట్లో యూరియా మామూలుగా చల్లాడు. రెండోదాంట్లో అతనూ, వాళ్లావిడా వంగి వంగి చేత్తో మట్టిలోకి నొక్కారు. అలా చేస్తే గాలికి పోదని చెప్పింది మేమే. మూడోదాంట్లో ఏమీ వెయ్యలేదు. “దీదీ, ఈ నడుం నొప్పికి ఏమైనా ఫలితం ఉంటుందా?” అని రోజూ అడిగేవాడు. “లెక్కల్లో తెలుస్తుంది, చూస్తూ ఉండు” అనేదాన్ని గొప్పగా.

ఆరో రోజు స్పాంజిలన్నీ ఐస్ పెట్టెలో సర్దేశాను. కొత్త జిప్ కవర్లు రాలేదు, పాతవే కడిగి కడిగి వాడుతున్నాం. సగం జిప్పులు పడవు, బ్లాంక్ కవరుదైతే అసలే పడదు. పెట్టె మూత గట్టిదే కదా అని నా ధైర్యం. స్టేషన్‌కి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్.

“అమ్మీ, టికిరి సంతలో ఎండు సొర వస్తాదంట. నాలుగు ముక్కలు అట్టుకురా.”

“ఆఫీసు పని మీదున్నానే అమ్మా!”

“నీ ఆపీసు సల్లగుండ! కోడలికి పాలు సాలట్నేదు, పిల్లడు గుక్క పట్టి ఏడుస్తన్నాడు. సొర పిట్టు ఎడితే పాలు పడతాయి. నీకు తెల్దేటి?”

తెలియకపోవడమేంటి! మా తమ్ముడి భార్య అప్పుడే బాలింత. మేం విజయనగరం వైపు వాళ్లం, బాలింతకి సొరచేపని పొడిపొడిగా వేయించిన పిట్టు పెట్టకపోతే ఆ కాన్పు పూర్తయినట్టే కాదు. తాతల కాలంలో కొండెక్కి వచ్చేశాం గానీ, నాలుక మాత్రం ఇంకా సముద్రం ఒడ్డునే ఉండిపోయింది. వెళ్లి కొన్నాను.

రైలు కదిలింది. బోగీ మొత్తం ముక్కులు మూసుకుంది. కకిరిగుమ్మ వచ్చేసరికి ఒకాయన లేచి, “సుఖువా కాహార?” అని కేకేశాడు. ఎండు చేప ఎవరిది అని. నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను. “ఎవరిదైతే వాళ్లని దిగి నడిచి రమ్మనండి!” అంది ఎదురు సీటావిడ, నా సంచీ వైపే చూస్తూ.

అప్పుడు తట్టింది. లోపలి గాలి బయటికి రాకుండా రబ్బరు బిగించిన పెట్టె నా కాళ్ల దగ్గరే ఉందిగా! మెల్లగా మూత తీసి, సొర పొట్లం లోపల పెట్టి, క్లిప్పులు బిగించేశాను. కాసేపటికి వాసన పోయింది. ఎదురు సీటావిడ జామకాయ కూడా పెట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నిజానికి ట్రైనింగులో సార్ ఒక సీసా మూత తీసి, “అమ్మోనియా ఘాటు ఇలా ఉంటుంది” అని నా ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించారు. సొర కంపూ అచ్చం అదే ఘాటు! అయినా నా ముక్కుకి ఆఫీసులో అయితే అమ్మోనియా, ఇంట్లో అయితే సొర.

పొట్లం విప్పి అమ్మ ఆశ్చర్యపోయింది. “ఏటే, అసలు కంపే నేదు! మంచి సరుకు ఇచ్చేడే!” అంది. మరదలు రెండు పూటలా పిట్టు తింది. పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. వాడితోపాటు నేనూ.

స్పాంజిలు ల్యాబ్‌లో ఇచ్చిన నాలుగు రోజులకి సార్ పిలిచారు. ముందు కాగితం, వెనకాల ఆయన మొహం.

“మూడు మళ్లూ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. చల్లినా అంతే, నొక్కినా అంతే. చేత్తో నొక్కడం దండగని ఆ రైతుకి చెప్పెయ్యి.”

సార్ కాగితం రెండో వైపు తిప్పారు.

“ఇంకో విషయం. అన్నిటికన్నా ఎక్కువ అమ్మోనియా బ్లాంక్‌లో ఉంది. అది మడిలో దిగలేదు కదా?”

“లేదు సార్.”

“మట్టిని చూడలేదు, యూరియాని చూడలేదు. మరి ఏం చూసింది?”

నా రెన్యువల్ కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది. ‘గట్టు మీద పెట్టె దగ్గర మేకలు ఉచ్చపోశాయి సార్’ అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ నడుం పట్టుకుని గట్టు మీద కూలబడే బుద్రా గుర్తొచ్చాడు. ఆ మనిషికి వెళ్లి నీ కష్టం దండగ అని ఏ మొహంతో చెప్పను?

“సొర చూసింది సార్” అన్నాను.

అంతా చెప్పాను. బాలింత, పిట్టు, రైలు, జిప్పులు, అన్నీ. సార్ చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

“సొర ఒంట్లో యూరియా ఉంటుందమ్మా. చచ్చాక అదే అమ్మోనియా అవుతుంది. నీ స్పాంజిలు బ్రహ్మాండంగా పనిచేశాయి, కొలిచింది పొలాన్ని కాదు, అంతే. రెండో విడత యూరియా వేసినప్పుడు మళ్లీ ఆరు రోజులు వెళ్లు. నీ రెన్యువల్ ఆ తర్వాత చూద్దాం.”

మళ్లీ ఆరు రోజులు! మళ్లీ జలగలు! బుద్రాకి ఫోన్ చేసి మళ్లీ నొక్కాలని చెప్తే, “సరే దీదీ” అన్నాడు. ఆ ‘సరే’ వినలేకపోయాను.

రేపే ప్రయాణం. కొత్త జిప్ కవర్లు వచ్చాయి. పెట్టె మూత మీద సార్ ఒక కాగితం అంటించారు, ‘ఇందులో చేపలు పెట్టరాదు’ అని ఒడియాలో, ఇంగ్లీషులో. పొద్దున్న పెట్టెని తుడుస్తుంటే అమ్మ వచ్చి మూత ఎత్తి చూసి, తలూపింది.

“మా గొప్ప పెట్టెనే అమ్మీ! అంత సొర కంపుని సుక్క మిగల్చకుండా మింగేసింది. ఈపాలి కూడా దీన్లోనే ఎట్టుకురా.”

అమ్మోనియా ఎటు పోయిందో ఆరు రోజుల్లో నేను కొలవలేనిది, ఆవిడ ముక్కుతో ఒక్క క్షణంలో కొలిచేసింది. ఈసారి రెన్యువల్ ఏదో ఆవిడ పేరు మీదే రాసెయ్యమని సార్‌కి అప్లికేషన్ పెడదామనుకుంటున్నాను.