మింగని మనిషి

మా సారు పోయారన్న కబురు వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను ల్యాబ్‌లో పదకొండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాను. "మీ సారు ఎల్లిపోయారమ్మా" అన్నారు ఆంటీ. ఆ తర్వాత, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "కాయితంలో లివరని రాసేరు" అన్నారు.

ఆమె భయం నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో మనిషి లివర్‌తో పోతే కారణం ఎవరూ అడగరు. సారుకి ఇరవై ఏళ్ళుగా షుగరు. కాలేయానికి కొవ్వు పట్టి, అది గట్టిపడి పోయారని డాక్టరు చెప్పాడు. కానీ ఆయన చేసిన ఉద్యోగం విస్కీ రుచి చూడడం. ఇక షుగరు మాట ఎవరికి ఎక్కుతుంది?

పెందుర్తి దాటాక ఉన్న ఒక చిన్న మద్యం ఫ్యాక్టరీలో ఆయన బ్లెండరు. ఏ పీపాలోది ఎంత కలిపితే ప్రతి సీసా ఒకే రుచితో వస్తుందో తేల్చడం ఆయన పని. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఇరవై నాలుగో ఏట నేను ఆయన దగ్గర చేరాను. మా ఇంట్లో బంధువులందరికీ పరవాడలో ఫార్మా కంపెనీ అని చెప్పుకున్నారు. నేనూ దిద్దలేదు. సారు మాత్రం చర్చిలో ఎవరడిగినా, "విస్కీ ఫ్యాక్టరీ అండీ. రుచి చూస్తాను" అని నిమ్మళంగా చెప్పేవారు. అందుకే, ఒక్క ఆదివారమైనా మానకపోయినా, ఆయన్ని సంఘపెద్దను చేయలేదు.

మొదటి రోజు తల్లో మల్లెపూలతో వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆపేశారు.

"ఏటమ్మా, పెళ్ళికొచ్చేవా? ఆ పూలు బయటెట్టి, సేతులు కడుక్కుని రా. వాసన లేని సబ్బుతో."

ఆ పద్ధతి ఆయన ఇంట్లోనూ ఉండేది. పోపులో ఇంగువ లేదు. మధ్యాహ్నం దాకా ఆవకాయ జాడీ మూత తీయకూడదు. చేపలు శనివారం సాయంత్రం మాత్రమే. జాలరిపేట నుంచి తట్ట తెచ్చే ఆవిడ ఆంటీ మీద విరుచుకుపడేదట. "మీ ఆయన ముక్కు కోసం నా బేరం పోతంది తల్లీ! ఆ ముక్కేదో కోసి బ్యాంకులో దాసుకోండి."

సాయంత్రం బస్సు దిగితే ఆటోవాళ్ళు ఊరుకునేవారు కాదు. "ఏటి సారూ, ఇయ్యాల ఎన్ని పెగ్గులు?"

"అరవై గ్లాసులు బావా. అన్నీ సింకే తాగింది."

"ఐతే ఆ సింకుగా పుట్టించమని దేవుణ్ణి అడగాల!"

ఆయనా నవ్వేవారు. తర్వాత నాతో అనేవారు, "కంపెనీ కొన్నది నా ముక్కునమ్మా, గొంతుని కాదు." ఆయన పక్క బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. పీల్చడం, నోట్లో తిప్పడం, ఉమ్మేయడం, రాయడం. మింగడం ఒక్కసారీ చూడలేదు.

ఆయన గదిలో ఒక కట్టుబాటు ఉండేది. అందరూ రాసి కాగితం బోర్లించేదాకా ఎవరూ మాట్లాడకూడదు. కనుబొమ్మ ఎత్తినా కోప్పడేవారు. "ఒకడు ముందు నోరిప్పేడంటే మిగతావాళ్ళ నాలుకలన్నీ ఆడి నాలుకే అయిపోతాయి" అనేవారు. నేను రాసింది చెరిపి మళ్ళీ రాసే మనిషిని. నెల తిరక్కుండానే నా పెన్సిలు తీసుకుని పెన్ను చేతిలో పెట్టారు. ఒకసారి వనిల్లా అని రాస్తే కాగితం తిప్పి చూపించి, "ఇది నీ మాటేనా, పుస్తకంలోదా? సిన్నప్పుడు ఏం తిన్నావో అది రాయి" అన్నారు. నా నాలుకకు తెలిసింది కూడా నిజమేనని నాకు నమ్మకం కలిగించింది ఆయనే. మా నాన్న కూడా ఆ పని చేయలేదు.

రెండేళ్ళ క్రితం, ఆయన రిటైరయిన రోజు, మా చెల్లెలి భర్త ఓడ దిగుతూ తెచ్చిన సీసా ఒకటి ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. ఐరిష్ విస్కీనీ అమెరికా బర్బన్‌నీ కలిపి చేసినది. సారు పిల్లాడిలా సంబరపడ్డారు. ఐరిష్ అంటే బార్లీ. చాలామటుకు మూడుసార్లు బట్టీలో కాచి ఆవిరి పడతారు కనుక మెత్తగా ఉంటుంది. బర్బన్ అంటే మొక్కజొన్న. లోపల కాల్చిన కొత్త పీపాలో పండుతుంది కనుక గట్టిగా మాట్లాడుతుంది. ఈ రెంటినీ ఒక సీసాలో ఎలా సర్దారా అని ఆయన గంటసేపు ఆ గ్లాసు వదల్లేదు.

నేను 'పచ్చి జామకాయ, తర్వాత బీచ్ రోడ్డులో బొగ్గుల మీద కాల్చిన పొత్తు' అని రాశాను. ఆయన 'ముందు ఐరిష్ పలకరిస్తుంది, బర్బన్ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది' అని రాశారు. మా ఫారంలో ఆఖరి గడి ముగింపు, అంటే గొంతులో చివరికి మిగిలే రుచి. అక్కడ 'తీపి, ముదురు పాకం' అని రాసి సంతకం పెట్టారు.

పోవడానికి పన్నెండు రోజుల ముందు ఆయనే ఫోన్ చేశారు. ఆసుపత్రివాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. "ఆ కలిపింది మిగిలిందా? సిన్న సీసాలో కొంచెం తేమ్మా. ఆ కాయితం కూడా."

వాసన చూడ్డానికేమో అనుకుని పట్టుకెళ్ళాను. చాలాసేపు చూశారు కూడా. తర్వాత చెంచా అడిగారు. ఉమ్మడానికి గిన్నె పట్టుకున్నాను. వేళ్ళతో పక్కకి నెట్టారు.

"ఉమ్మేసేవాడికి సివరేటి తెలుస్తాదమ్మా? ముప్ఫై యేళ్ళూ ఆ గడి అందాజుగానే నింపేను."

మింగేశారు. కళ్ళు మూసుకున్నారు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు, అది అందుకోవడం లేదు. అది అందుకుని వెళ్ళిపోయాక కళ్ళు తెరిచారు.

"సేదు. తీపి కాదు, సేదు. తప్పు రాసేను, దిద్దు."

పెన్నుతో కొట్టేసి చేదు అని రాశాను. ఆ రోగంలో ఏది నాలుక మీద పెట్టినా చేదే కదా అని దారంతా అనుకుంటూనే వచ్చాను. మర్నాడు నేనూ ఒక చెంచా మింగి చూశాను. నాకు తీపే తగిలింది. అయినా దిద్దింది అలాగే ఉంచాను.

జ్ఞాపకార్థ కూడిక రోజు ఆంటీ నన్ను చర్చి గుమ్మంలోనే పట్టుకున్నారు. "అక్కడ ఆయన్ని రోజూ సూసింది నువ్వొక్కదానివే. లేచి ఒక్క మాట సెప్పమ్మా. ఆయన ఒక్క సుక్క కూడా మింగలేదని సెప్పు. సాలు." సరేనన్నాను.

పాస్టరుగారు ముందు మాట్లాడారు. మన సహోదరుడు ఒక బలహీనతతో చాలాకాలం పోరాడాడని, చివరి ఘడియలో ప్రభువు జాలిపడ్డాడని. చెడ్డగా అనలేదు, ఎంతో ప్రేమగానే అన్నారు. ఆ తర్వాత లేచిన ప్రతివాళ్ళూ ఆ బలహీనతనే పట్టుకున్నారు. పాటల బృందంలో ఆయన పక్కన కూర్చునే పెద్దమనిషి, "ఆదివారాల్లో కూడా నాకు ఒక్కోసారి వాసన తెలిసేది, బయటపెట్టలేదు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ల్యాబ్‌లో సారు వద్దన్నది సరిగ్గా ఇదే. నా కళ్ళముందే జరుగుతోంది.

లేచాను. 'ఒక్క చుక్క కూడా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకే ఆ చెంచా వచ్చింది. అది అబద్ధమవుతుంది. చర్చిలో, ఆయన గురించి, ఆయన నేర్పిన నోటితో అబద్ధమా? "సారు నాకు పని నేర్పారు. చాలా మంచి మనిషి" అని కూర్చున్నాను. ఆంటీ నా వైపు చూడలేదు.

నాలుగో రోజు ఆమె ఇంటికి వెళ్ళి, ఏడుస్తూ చెంచా సంగతి చెప్పాను.

"ఎరుగుదును" అన్నారు. "నాను తలుపు కాడే ఉన్నాను. ముప్ఫై యేళ్ళు ఉమ్మేసినోడు ఒక్క సెంచా మింగితే దాన్ని తాగుడంటారేటి? నువ్వు సదువుకున్నావు కదా. ఆ ఒక్క సెంచా కాడే నీకు నిజం గుర్తొచ్చిందేటి? మీ సుట్టాలకి ఫార్మా అని సెప్పినప్పుడు రాలేదేటి?"

నన్ను ఆపింది నిజమేనా, నలుగురిలో విస్కీ గురించి మాట్లాడాల్సి వస్తుందన్న నామోషీయా అని రోజూ నన్ను నేనే అడుగుతాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వచ్చే వారం సాక్ష్యాల సమయంలో రెండు నిమిషాలివ్వండి, అంతా చెప్తాను, చెంచాతో సహా అన్నాను. షుగరు గురించి, సింకు గురించి ఆయనకి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. నా భుజం తట్టారు.

"ఇంకా అది ఎందుకమ్మా? సంఘమంతా ఆయన్ని ఎప్పుడో క్షమించేసింది."

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో ఆ సంఘంవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఒక్కరూ ఉండకపోవచ్చు.

పోయిన వారం ఆంటీతో సమాధుల తోటకి వెళ్ళాను. రాయి నిలబెట్టారు. నల్ల గ్రానైటు, దాని మీద పేరు, రెండు తేదీలు. కింద వేయమని సంఘంవాళ్ళు ఒక వాక్యం రాసిచ్చారట, పశ్చాత్తాపపడిన పాపి గురించి. చెక్కేవాడు దానికోసం సుద్ద గీతలు గీసుకుని ఉలి తీసేసరికి ఆంటీ వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టారు. వేరే వాక్యం చెప్పమంటే, "ఏటీ వద్దు" అన్నారు.

ఆమె కొంగుతో రాయి మీది దుమ్మంతా తుడిచారు. పేరు తుడిచారు, తేదీలు తుడిచారు. కిందికొచ్చేసరికి చెయ్యి ఆపేశారు. అక్కడ సుద్దతో స్కేలు పెట్టి గీసిన నాలుగు గీతలు తిన్నగా, తెల్లగా అలాగే ఉన్నాయి.