మరుగుదొడ్డికి అరవై ఏండ్ల ఆయుష్షు

నేను జేసే పనేందో మా ఇంట్ల ఎవ్వరికి సమజ్ కాదు. ఒక బిల్డింగు లేసిన కాడికెల్లి కూలేదాక గాలికి, నీళ్లకు, మట్టికి ఎంత నష్టం జేస్తదో లెక్క గట్టాలె. సిమెంటు ఎంత, ఇనుము ఎంత, కరెంటు ఎంత, ఆఖరికి కూలగొట్టిన మట్టి ఏడ బోస్తరు, అన్నీ. "అంటే బిల్డింగులకు జాతకం రాస్తవన్నట్టు" అన్నది మా అత్త.

సుల్తాన్‌పూర్ల సిరంజీలు జేసే ఒక కొత్త ఫ్యాక్టరీకి గట్లనే రాసిన. సేటుకు గ్రీన్ సర్టిఫికెట్ గావాలె, బయటి దేశపోళ్లు అది లేంది సరుకు కొనరట. నా షీట్ల 'ఎన్నేండ్లు ఉంటది' అని ఒక గడి ఉంటది. అందరు అరవై రాస్తరు, నేను గూడ రాసిన. ఏండ్లు ఎక్కువేస్తే ఏడాదికి పడే నష్టం తక్కువ కనవడతది మరి.

ఎనిమిది నెలలకు మళ్ల సూడవోయిన. ఆడోళ్ల మరుగుదొడ్లు ఉండాల్సిన మూలకు ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు కుప్పవడి ఉన్నయి. మిషన్ రెండుసార్లు ఆగిందని సేటు వాస్తు పంతులును పిలిపిచ్చిండట. ఈశాన్యంల దొడ్లేందని ఆయన నెత్తి కొట్టుకున్నడట. తెల్లారే జేసీబీ వచ్చింది. నా సిమెంటు, నా టైల్సు, నా అరవై ఏండ్లు గంగల గలిసినయి.

"మరి కొత్తయి ఎప్పుడు గడతరు?" అని మేనేజర్‌ను అడిగిన.

"మూఢం నడుస్తుంది సార్. ముహూర్తాలు లెవ్వు."

భానూర్ కెల్లి వచ్చి ప్యాకింగుల పనిజేసే ఒక పెద్దమ్మ నా చేతిల కాయితాల మీద 'మరుగుదొడ్లు – 60' అని ఉన్నది సూసి ఆగింది.

"సారూ, వీటికి అరవై ఏండ్లు రాసింది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా."

"గిప్పుడు ఆఫీసోళ్ల దొడ్లకు తాళమేసి ఉంటది, చావీ అడుక్కోని పోతున్నం. షిఫ్టుకు ఒక్కసారే ఇస్తరు. పొద్దుగాల కెల్లి నీళ్లు తాగుడే బంద్ వెట్టినం. గది గూడ ఉన్నదా నీ లెక్కల?"

లేదు. సిగ్గుతోని సచ్చిన. పోనీ సేటునన్న తిడదామంటే నోరెట్ల లేస్తది? పోయినేడు మా మామ మాట ఇని, బంగారమసొంటి మెట్లు పలగ్గొట్టిచ్చి ఈ దిక్కుకెల్లి ఆ దిక్కుకు మార్పిచ్చింది నేనే.

ఇంటికొచ్చి అరవై కొట్టేసిన. మరుగుదొడ్ల ఆయుష్షు: ఎనిమిది నెలలు. కూలగొట్టిన కారణం: వాస్తు. మళ్ల కట్టకపోవుడుకు కారణం: మూఢం. సేటుకు పంపిన.

"ఏందయ్యా, నా ఇజ్జత్ దీస్తవా? గిది కొనెటోళ్లు సూస్తే ఏమంటరు?" అని ఫోన్ల ఒర్రిండు.

"ఉన్నదే రాసిన సేటూ. కొత్తయి గట్టు, మార్సి రాస్త."

పొద్దుమూకకముందే పంతులుకు శాస్త్రం యాదికొచ్చింది. అర్జెంటు పనులకు మూఢం పట్టదట! ఆడోళ్లు నీళ్లు తాగుడు బంద్ వెట్టినప్పుడు మాత్రం ఆ అర్జెంటు ఎవ్వనికి కనవడలే. పదిహేను రోజులల్ల వాయవ్యం మూలకు కొత్త దొడ్లు లేసినయి.

కొలతలు దీసుకోను పోతే, పెద్దమ్మ తడి చేతులు దులుపుకుంట అండ్లకెల్లే బయటికొచ్చింది.

"గీపాలి ఎన్నేండ్లు రాస్తున్నవ్ సారూ?"

"అరవై" అన్న. పాడు అలవాటు ఏడికి వోతది.

"జెర ఆగు బిడ్డా. ముందుగాల తొమ్మిదో నెల రానీ."