బేరం కాని మాట

బైండింగు కొట్టులో పుస్తకాలు కుట్టే ఆవిణ్ణి వీధిలో అందరూ సూదక్క అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు, కాదు. జిగురు పలచనైతే కొట్టు యజమాని ముసలాయన్నైనా సరే దులిపేసేది. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది గానీ చుట్టరికం ఏమీ లేదు.

పక్షవాతంతో ఆయన మంచాన పడ్డాక కన్నకొడుకు గుమ్మం తొక్కలేదు. వంటా, మందులూ, ఒళ్ళు తుడవడం అన్నీ ఈవిడే చూసింది. పెద్ద అచ్చాఫీసు వాళ్ళు ఉద్యోగానికి పిలిస్తే, ఈయన్ని వదిలి రానని తెగేసి చెప్పింది. అది తెలిసిన ముసలాయన, పుస్తకాలు తెచ్చే టీచరమ్మ ఎదుటే, తన తర్వాత కొట్టూ, సూదక్క ఉంటున్న వెనక గదీ ఆవిడవేనన్నాడు. కాగితం రాయించుకోమని టీచరమ్మ చెబితే సూదక్క కసిరింది. మంచంలో ఉన్న మనిషి చేత సంతకాలు పెట్టించుకోడానికి తనకేం పోయేకాలమొచ్చిందంది.

ఆయన పోయాడు. ఏడుపులు ఆగకముందే కొడుకు తాళంకప్పతో దిగాడు.

వ్యవహారం కోర్టుకెక్కింది. మాటకు సాక్ష్యం టీచరమ్మ ఉంది. కానీ వట్టి మాట చట్టానికి ఆనదన్నాడు సూదక్క తరఫు లాయరు. బదులుగా ఏదో ఒకటి ముట్టి ఉండాలట. కొట్టు ఇస్తానంటేనే చాకిరీ చేశానని చెప్పమని నూరిపోశాడు. ఆవిడ సరేనని తలూపింది కూడా.

జడ్జిగారు మెల్లగా అడిగారు. "కొట్టు ఇస్తానన్నారనే ఆయన్ని చూసుకున్నారా అమ్మా?"

అవునను, గట్టెక్కుతావు అన్నట్టు చూశాడు లాయరు. ఆవిడ లాయరు వంక చూడకుండా జడ్జిగారి వైపే తిరిగింది.

"లేదండీ. ఇవ్వనన్నా చూసుకునేదాన్ని."

"పోనీ, ఆ మాట నమ్మే కదా ఉద్యోగం వదులుకున్నారు?"

"ఉద్యోగం వద్దన్నాకే ఆయన ఆ మాటన్నారండీ."

ఇంకేముంది, కథ కంచికి! వెర్రిబాగుల్దని లాయరు విసుక్కున్నాడు. వరండాలో టీచరమ్మ భుజం మీద తల పెట్టి ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. అవునంటే బాబాయికి కూలికి అన్నం పెట్టినట్టవుతుందని మాత్రం అనగలిగింది.

గది ఖాళీ చేసే రోజున కొడుకు వచ్చాడు. పాపం, మరీ చెడ్డవాడేం కాదు. ఆవిడ మూట కట్టుకుంటుంటే దగ్గరికొచ్చి ఓ కవరు చాపాడు.

"నాన్నకి చేసిన చాకిరీకండీ. ఊరికే చేయించుకున్నామన్న మాట మాకెందుకు?"

సూదక్క మూట ముడి బిగించింది. తర్వాత కవరు తీసుకుంది. కొత్త గదికి అడ్వాన్సు కట్టాలి మరి.