గోడవైపు తిప్పిన కుర్చీ

బడిలో భోజనశాలకూ ఆటల హాలుకూ మధ్య ఉంటుంది బడి నర్సు డెల్ఫీన్ సిర్వా గది. ఒక పక్క నుంచి వేగే ఉల్లిపాయల వాసన, ఇంకో పక్క నుంచి బంతుల చప్పుడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ రెంటి నడుమా కూర్చుని ఆమె మోకాళ్లకు కట్లు కట్టింది, ఊడిన పాలపళ్లను చిన్న డబ్బాల్లో పెట్టి ఇళ్లకు పంపింది. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్లు ఎవరివి ఏ అరలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలదు. సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పుల్లో నిజమైనది ఏదో, లెక్కల హోంవర్కు తెచ్చిపెట్టినది ఏదో గడపలో నిలబడ్డ తీరు చూసి తేల్చేస్తుంది. అయినా రెంటికీ ఒకటే వైద్యం: రెండు ఉప్పు బిస్కట్లు, పావుగంట మంచం.

"దొంగ నొప్పి అని తెలిసీ పడుకోబెడతావేం?" అని టీచర్లు అడిగితే, "పావుగంటలో ఎవరి కొంప మునుగుతుంది? లెక్కలు ఎక్కడికీ పారిపోవు," అంటుంది.

సెప్టెంబరు మధ్యలో బంగాళాదుంపల కోతకు బడి మూడు వారాలు మూసేస్తారు. అమెరికాలో మేన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన ఆ లోయలో తాతల నాటి నుంచీ అదే వరస. పిల్లలూ పెద్దలూ అందరూ చేలల్లోనే ఉంటారు. సెలవులిచ్చేలోగా పిల్లలందరి చెవులూ పరీక్షించి ముగించడం డెల్ఫీన్ ఆనవాయితీ. ఎదురుగా కుర్చీ వేసి, పిల్ల తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, తన పెట్టె మీద మీట నొక్కుతుంది. కూత వినపడితే పిల్ల చెయ్యెత్తాలి.

ఆరో తరగతి నోయెమీ లగాస్ ఆ ఏడు కూడా ఒక్క కూతా వదలకుండా చెయ్యెత్తింది. మూడేళ్లుగా అంతే. డెల్ఫీన్ కాగితం మీద టిక్కు పెట్టి పంపించేసింది.

మర్నాడు అదే పిల్ల వేలికి ముల్లు గుచ్చుకుని వచ్చింది. హాల్లో బంతుల మోత మధ్య, పిల్లకు ఎడమ పక్కనున్న బీరువాలో డెల్ఫీన్ పట్టకారు వెతుకుతూ, వెనక్కి తిరగకుండానే, "ఏ చెయ్యి, తల్లీ?" అంది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. లేదు. మూడోసారి ఇటు తిరిగి అడిగితే నోయెమీ ఆమె మొహంలోకి చూసి చటుక్కున, "ఎడమది, మిస్," అంది.

డెల్ఫీన్ ముల్లు తీసింది. తరవాత తలుపు మూసి, కుర్చీని గోడవైపు తిప్పింది.

"ఇలా కూర్చో. మళ్లీ ఒకసారి."

"నిన్న అయిపోయిందిగా, మిస్?"

"నిన్నటిది నాకోసం. ఇది నీకోసం."

కుడి చెవికి అన్నీ వినపడ్డాయి. ఎడమ చెవిలో సన్నటి కూతలు మొదలయ్యేసరికి నోయెమీ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఏ మీట నొక్కబోయినా తన గడ్డం కాస్త పైకి లేస్తుందని భర్త చెప్పి నవ్వేవాడు. పిల్ల మూడేళ్లూ విన్నది ఆ గడ్డాన్నే.

హెడ్‌ఫోన్లు తీసేసరికి నోయెమీ కళ్లు నిండిపోయాయి.

"మా ఇంట్లో చెప్పకండి, మిస్. పెపేకి తెలిస్తే మిషను ఎక్కనివ్వడు. పన్నెండు నిండితే ఎక్కిస్తానన్నాడు. మొన్ననే నిండాయి."

పెపే అంటే ఆమె తాత ఒమేర్ లగాస్. దుంపలు తవ్వే మిషను మీద, కదిలే బెల్టు పక్కన నిలబడి రాళ్లూ మట్టిగడ్డలూ ఏరే చోటు లగాసుల ఇంట్లో పెద్దవాళ్లైనందుకు గుర్తు. నోయెమీ నాలుగేళ్లుగా గట్టున కూర్చుని ఆ చోటు కోసం ఎదురుచూస్తోంది.

"చెప్పకుండా ఉండలేను," అంది డెల్ఫీన్. "కానీ మొదట నా తప్పు చెప్తాను. ఆ తరవాతే నీ చెవి సంగతి. సరేనా?"

ఆ సాయంత్రం ఆమె వెళ్లేసరికి ఒమేర్ దుంపల కొట్టంలో మిషను కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రం బయట కనిపిస్తున్నాయి.

"ఒమేర్! బయటికి రా!"

కాళ్లు కదల్లేదు. డెల్ఫీన్ బూటు మీద తట్టింది. ఆయన గ్రీజు మొహంతో బయటపడ్డాడు.

"నువ్వా! మెల్లగా పిలిస్తే ఎలా వినపడుతుంది?"

"నదవతల కెనడావాళ్లకి వినపడింది. నీకే వినపడలేదు."

జరిగింది చెప్పింది. మూడేళ్లూ తనే పాస్ చేశానని, తప్పంతా తనదేనని, దాచుకోకుండా చెప్పింది. ఒమేర్ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"క్లాసులో పరధ్యానం అని టీచర్లు రాస్తే కోప్పడ్డాను దాన్ని," అన్నాడు చివరికి.

"మిషను ఎక్కనివ్వవేమో అని భయపడుతోంది."

"మిషను మీద ఎవరికి వినపడుతుంది కనక? ఆ రొదలో అందరం చెవిటివాళ్లమే. చేతుల్తోనే మాట." పిడికిలి ఎత్తి చూపాడు. "ఇది ఆపు. అరచెయ్యి దించితే మెల్లగా. అది గట్టున కూర్చునే ఇవన్నీ నేర్చేసింది. పోయినేడు బెల్టులో రాయి ఇరుక్కుంటే మాకంటే ముందు అదే పిడికిలి ఎత్తింది, తెలుసా?"

చూసి వినడం ఆ పిల్లకి ఎక్కడ అబ్బిందో డెల్ఫీన్‌కు అప్పుడు తెలిసింది. అయినా నర్సు నర్సే.

"బెల్టు దగ్గరే నిలబడాలి. మిషను కదులుతుండగా దిగకూడదు. చెవులకు గట్టి మూతలు పెట్టాలి, ఉన్న వినికిడైనా పోకుండా. కోత అవగానే బాంగోర్ పట్నంలో చెవి డాక్టరు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకపోతే వదుల్తావా?"

కొట్టానికి ఆనుకున్న ఇంటి తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న ఆయన భార్య జెర్మేన్ గొంతెత్తింది. "డెల్ఫీన్! పదేళ్లుగా మొత్తుకుంటున్నా, ఈయన చెవులు కూడా చూపించు!"

"ఏమంటోంది?" అన్నాడు ఒమేర్.

"డాక్టరు దగ్గరికి నువ్వూ వెళ్లాలంటోంది."

"పిల్ల వెళ్తే నేనూ వెళ్తాలే," అని గొణిగాడు.

సెలవులకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే డెల్ఫీన్ ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లి జరిగింది ఒప్పుకుంది. అన్ని తరగతులనూ మళ్లీ పిలిపించి నూట నలభై ముగ్గురినీ గోడకు ఎదురుగా కూర్చోబెట్టింది. రెండో తరగతిలో వినపడని చెవి ఇంకొకటి దొరికింది. డాక్టరుకు రాసే కాగితం మీద ఆ పిల్ల పేరూ చేర్చింది, నోయెమీ పేరు కింద, ఒమేర్ పేరు పైన.