గుమ్మంలో సముద్ర సింహం

ఓడ మమ్మల్ని అఖాతం మొదట్లో దించింది. ఉదయం ఏడు. సన్నని వాన, దక్షిణపు గాలి. లోపల నీరు లోతు తక్కువ కావడంతో తీరాన్ని కయాక్‌లలో, తెడ్డుతో నడిపే సన్నని పడవల్లోనే, చేరాలి. న్యూజిలాండ్ దక్షిణపు కొసన, జనం లేని ద్వీపం. సైన్యం పంపిన ముగ్గురం: సార్జెంట్, రేడియో ఆపరేటర్, ఇంజనీరింగ్ విభాగం నుంచి నేను. గాలివానకు ఎగిరిపోయిన గుడిసె పైకప్పును తిరిగి వేయడం, రేడియో స్తంభాన్ని నిలబెట్టడం మా పని.

సార్జెంట్ మావోరీ తెగవారు, ఈ దేశపు మూలవాసి. ఒకప్పుడు ఉత్తర ధ్రువ ప్రాంతంలో, తెల్ల ఎలుగుబంట్లు తిరిగే నీళ్లలో కయాక్ నడిపారు. అక్కడ నేర్చిన నియమాలనే ఇక్కడి సముద్ర సింహాలకూ వర్తింపజేశారు. జంతువు ఉన్న ఒడ్డున దిగరాదు. దానికీ నీటికీ మధ్య నిలబడరాదు. పడవలో తిండి వాసన ఉండరాదు. అది ఈదుతూ దగ్గరకు వస్తే పడవలను పక్కపక్కన చేర్చి, ఒకరి పడవను ఒకరు పట్టుకుని కదలకుండా ఉండాలి. తెడ్డు ఎత్తరాదు. రాత్రి బూట్లు లోపలే ఉంచాలన్నది చివరి నియమం.

దానిని మాత్రం ఎవరమూ పాటించలేదు. బూట్లతో గడప దాటడం మా ఇంట్లో లేదు. సార్జెంట్ ఇంట్లోనూ లేదు. మొదటి రోజే ఇద్దరం గుమ్మం బయట విడిచాం. రేడియో ఆపరేటర్ నవ్వుతూ తనవీ పక్కన పెట్టింది.

తిరుగు ప్రయాణపు ఉదయం. మరునాడు ఆక్లాండ్‌లో నా స్నాతకోత్సవం. మా కుటుంబంలో డిగ్రీ అందుకోబోయే మొదటివాణ్ణి నేనే. వృద్ధాశ్రమంలో పనిచేసే అమ్మ తన షిఫ్ట్ మార్పించుకుంది. ఓడ పదింటికి కదులుతుంది. గాలి పెరుగుతున్నందున ఆగదు.

ఎనిమిదింటికి తలుపు తెరిచాను. మా బూట్ల మీద ఆడ సముద్ర సింహం నిద్రపోతోంది. మెల్లగా మూశాను. గిన్నె మోగించి తరమడానికి అనుమతి అడిగాను.

"దాని ఇంటికొచ్చాం, ప్రొఫెసర్," అన్నారు సార్జెంట్. డిగ్రీ వస్తోందని నన్ను అలా ఆటపట్టించేవారు. "బూట్లు విప్పి మరీ వచ్చినోడివి, ఆ మాత్రం మర్యాద తెలీదా?"

తొమ్మిదైనా అది కదలలేదు. సార్జెంట్ వెనుక కిటికీ తెరిచి, మేజోళ్లు పైకి లాక్కున్నారు.

"మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది. పద."

రేడియో ఆపరేటర్ ఓడను పిలిచింది. "ముగ్గురం వస్తున్నాం. బూట్లు లేవు. ఓవర్."

"మళ్లీ చెప్పండి. ఓవర్."

చెట్ల వెనుకగా చుట్టు తిరిగి, తీరపు అవతలి కొసన ఉంచిన కయాక్‌లను చేరాం. తడి ఉన్ని మేజోళ్లలో పాదాలు మొద్దుబారాయి. సగం దారిలో మరో సముద్ర సింహం తల నీటిపైకి లేచింది. పడవలు చేర్చాం. నా పడవ అంచును సార్జెంట్ అరచేయి గట్టిగా పట్టుకుంది. అది మా చుట్టూ తిరిగి, చూసి, మునిగింది. మేము చేరేసరికి ఓడ లంగరు ఎత్తుతున్నారు.

ఓడ దిగి నేరుగా విమానం పట్టుకుని, ఓడ వంటవాడు ఇచ్చిన బూట్లతోనే వేదిక ఎక్కాను. అవి నాకు చాలా పెద్దవి. పట్టా తన చేతికిచ్చినా అమ్మ నా పాదాల వైపే చూసింది.

"ఎవరివి నాన్నా ఇవి?"

అంతా చెప్పాను.

"పాపం, దాన్ని లేపలేదు కదా?" అంది.

సైన్యం విడిచి ఆక్లాండ్ శివారు బోటనీ డౌన్స్‌లో స్థిరపడ్డాను. ఇప్పటికీ గుమ్మంలో బూట్లు విప్పడానికి వంగినప్పుడల్లా అదే కనిపిస్తుంది: మీసాల మీద వాన చినుకులు, నా ఎడమ బూటు మీద ఆనించిన గడ్డం, ఊపిరి వదిలినప్పుడల్లా కొద్దిగా కదిలే లేసు.