కారంపూడికి మోసుకెళ్ళిన కొణతం

మా ఇంట్లో ఉన్నదే అసలుదని తేల్చుకు రావడానికే ఈ కార్తీకంలో కారంపూడి వెళ్ళాను. పల్నాటి యుద్ధంలో దాయాదులు కొట్టుకు చచ్చిన చోటు అది. ఆ వీరుల పేరిట మాలాంటి ఇళ్ళల్లో తరాలుగా పూజలో ఉంచే ఆయుధాన్ని కొణతం అంటాం. మా దగ్గరొకటుంది, మా పెదనాన్న కొడుకు సుబ్బయ్య దగ్గరొకటుంది. ఏది యుద్ధంలో వాడిందన్న పంతం మీద మా ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు.

చిలకలూరిపేటలో తెల్లవారుజామున బస్సెక్కి, నరసరావుపేటలో మారి, పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళాను. చార్జీ పెద్దగా కాదు, ఎండ ముదరకముందే దిగొచ్చు. దారంతా పత్తి తీతలే. గోనెలో చుట్టింది చూసి కండక్టరు, "ఏంది పెద్దాయనా, గునపమా?" అన్నాడు.

"నీ ముత్తాతకన్నా పెద్దది. కాలు తగలనీయకు" అన్నాను.

నాగులేటిలో ఆయుధాలు కడిగి వీరుల గుడికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. ఏటి గట్టున, గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పే మేడం ఒకావిడ ఫొటోలు తీసుకుంటోంది. తేల్చమని కొణతం ఆమె చేతికిచ్చాను.

"మొన ఎప్పుడైనా మార్చారా తాతగారూ?"

"అరిగితే మార్చమా? మా నాయన మొన మార్పించాడు. పిడి మా తాత."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే ఈ ఇనుము యుద్ధం నాటిది కాదండీ."

వాళ్ళ కొణతం కడగడానికొచ్చి వెనకాలే నిలబడ్డ సుబ్బయ్య పకపకా నవ్వాడు. "చెప్పలా? తీసుకుపోయి దోసపాదు తవ్వుకోరా!"

ఆమె వాడిదీ అడిగి చూసింది. అదీ కాదంది.

"మరి యుద్ధం జరిగిందని మీకెట్టా తెలుసు?" అని గట్టిగానే అడిగాను. నాకు ఒళ్ళు మండింది. శాసనాలు, వీరుల రాళ్ళు, పాడుకుంటూ వచ్చిన కథలు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తామని, ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మమని చెప్పింది. చెబుతూనే మా రెండు కొణతాల్నీ గుడ్డ మీద పక్కపక్కన పెట్టి వంగి చూసింది.

"మొనలు రెండూ ఒకే చేతి పని. ఈ రాగి మేకులు కొట్టిన తీరు చూడండి. ఒకేసారి చేయించినట్టున్నారు."

సుబ్బయ్య నా వంక చూశాడు. "మా నాయనా మీ నాయనా ఒకే బండిలో కమ్మరి దగ్గరికి పోయారంట. మా అమ్మ చెప్పేది."

"ఇన్నాళ్ళూ చెప్పవేంరా?"

"నువ్వు మాట్లాడితేగా!"

రెండూ కలిపే కడిగాం.

అసలుది లేదని బాధ లేదా అంటే, ఉంది. నేనేం దాచను. యుద్ధం సంగతి ఆ ఇనుము చెప్పలేదు. మా నాయనలు కలిసి తిరిగిన సంగతి చెప్పింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకది కనపడలేదు.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క మాట. పండగ రోజుల్లో తిరుగు బస్సు దగ్గర తొక్కిసలాటే. ముందే వెళ్ళి కిటికీలోంచి తువ్వాలు వేయండి. నేను రెండు సీట్లకు సరిపోయేట్టు వేశాను. కిటికీ పక్కది సుబ్బయ్యకు.