దీపం పెట్టాక అన్న మాట

"దొర ఉప్పు తిన్నానే."

"దీపం పెట్టినాంక ఆ మాట అనగూడదు. బుట్టలోది అను."

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్నది ఇదే. మా ఆయన తలపాగా చుట్టుకుని దొర మేడ వైపు వెళ్లిపోయాడు.

రాసుకో నాయనా. ఇదంతా నేను చెప్పడానికి కారణం నువ్వే. నా చెల్లెలి కొడుకువి, చదువు వచ్చినవాడివి, నిన్న అరుగు మీద కూర్చుని చీనా దేశపు పాతకాలం రాజు కథ చదివి వినిపించావు. ఆ రాజు దగ్గర ఒక బలశాలి మంత్రి ఉండేవాడట. అడవి మృగాలను వట్టి చేతులతో చీల్చేవాడట. రాజు చెడ్డవాడు, వీడు ఇంకా చెడ్డవాడు. శత్రువులు వచ్చిన రోజు రాజు మేడకు నిప్పు పెట్టుకుని చచ్చాడు, మంత్రిని పట్టుకుని చంపారు.

"వానికి పెండ్లాం ఉండెనా?" అని అడిగాను.

"అది రాయలేదు పెద్దమ్మా" అన్నావు.

అందుకే నిన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను.

మా ఆయన మార్కాపురం నుంచి గిద్దలూరుకు పలకరాళ్ల బండి తోలేవాడు. రాచర్ల దగ్గర వాగులో బండి కూరుకుపోతే ఎద్దులను విప్పేసి, ఇరుసు కింద భుజం పెట్టి లేపాడు. గట్టు మీద గుర్రం ఆపుకుని ఆ చుట్టుపక్కల ఊళ్ల దొర చూశాడు. "మా ఇంట్లో ఒక పూట తినిపోరా" అన్నాడు. ఆ ఒక్క పూట మా బతుకంతా అయి కూర్చుంది.

వెట్టికి రానివాళ్ల ఇళ్లకు దొర మనిషిగా ఈయనే వెళ్లేవాడు. తలుపులు భుజంతో కూల్చేవాడు, గొర్రెలను తోలుకొచ్చేవాడు. నేను బావికి వెళితే మాటలు ఆగిపోయేవి. ఒక ముసలామె మాత్రం పలకరించింది.

"మీ ఆయన చేతుల నొప్పులు తగ్గినాయా అమ్మీ? నిన్న మావాణ్ణి కొట్టీ కొట్టీ అలిసిపోయినాడు పాపం."

కడవ ఎత్తుకుని వచ్చేశాను. ఆమె అన్నది నిజమే కదా.

దొర తాగి చెడ్డాడు. భూములు కోర్టులో పోయాయి. చుట్టుపక్కల ఊళ్లు ఏకమై మేడ మీదికి వస్తున్నాయని తెలిసేసరికి లెక్కలు రాసే ఆయన జారుకున్నాడు. వంటవాడు గంగాళంతో సహా పోయాడు. కురిచేడులో మీ అమ్మ దగ్గరికి రైలెక్కి పోదామని నేను మూట కట్టి గడప దగ్గర పెట్టాను.

"అందరూ పాయిరి గదయ్యా. నువ్వొక్కడివి ఉండి ఏం జేస్తావు?"

"ఆయప్పకు ఇంగ ఎవురుండారే?"

"నాకెవురుండారు?"

ఆయన మూట వైపు చాలాసేపు చూశాడు. అప్పుడే నేను దీపం వెలిగించాను. అప్పుడే ఆయన ఆ మాట అన్నాడు, దీపం వెలిగాక ఉప్పు పేరెత్తకూడదని నేను దిద్దాను. బుట్టలోది తిన్నానని ఏ మగవాడూ చావడానికి పోడు నాయనా. ఉప్పు తిన్నానని పోతాడు.

దొర లోపల గడియ పెట్టుకుని మేడకు నిప్పు పెట్టుకున్నాడు. పారిపొమ్మని కూడా ఈయనకు చెప్పలేదు. గడియ పెట్టిన ఆ తలుపు బయటే ఈయనను ఊళ్లవాళ్లు గొడ్డళ్లతో నరికారు.

మోయడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. బండి అడిగితే ఇవ్వలేదు. మరునాటి రైలుకు మీ అమ్మ వచ్చాక, ఇద్దరం చాప మీద పెట్టి ఈడ్చుకుపోయాం. ఎంత బరువో. వాగు దాకా లాగి, ఇక చేతకాక, ఆ ఇసుకలోనే గుంట తవ్వాం. వానలకు అదీ పోయింది.

అక్కడ ఇప్పటికీ ఆయన పేరు తిట్టు. తిట్టుకోనీ. పెండ్లాం లేనివాడని మాత్రం అనుకోకూడదు.

ఏదీ, మొదటి నుంచి చదువు నాయనా. దీపం పెట్టకముందే చదువు. అందులో ఆ మాట ఉంది.